పక్కింటామెకి చెవుడు

నమోదు 1

క్షేత్ర దినచర్యలు రాయడం మానేయమని పునర్వాస మండలి ఉత్తర్వు ఇచ్చింది కనుక ఇవాళ్టి నుంచి దినచర్య రాస్తున్నాను.

ఉత్తర్వులో కారణం కూడా చెప్పారు. శ్రోత సొంతంగా రాసుకునే రాతలో పక్షపాతం చొరబడుతుందట. ఇకమీదట జనం నోటిమాట రికార్డు చేసి పంపితే చాలునట. అర్థం చెప్పే పని ‘తాత్పర్యం’ చూసుకుంటుందట. తాత్పర్యం అంటే నగరంలో మండలి భవనంలో ఉన్న యంత్రం. నా పేరు విమోచన, నేను మనిషిని, నా ఉద్యోగం పేరు క్షేత్ర శ్రోత. జనం మధ్య కాపురం ఉండి, వాళ్లు చెప్పింది విని, చెప్పనిది కనిపెట్టి రాయడం నా పని. ఇప్పుడు రెండో సగం తీసేసి మొదటి సగానికి జీతం ఇస్తామంటున్నారు. ఎంత దయ!

నేనుండేది ఏడో అరుగు మీద. సముద్రం పొలాల్ని మింగాక దివిసీమ జనాన్ని నీళ్లలో స్తంభాలు పాతి కట్టిన ఇలాంటి అరుగుల మీదికి చేర్చారు. మా అరుగు కింద ఉప్పుతీత మోటారు తిరుగుతుంది. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసి గొట్టాల్లో నగరానికి పంపుతుంది. మాకు మిగిలేది మనిషికో బిందె, బోలెడంత మోత. ఇప్పుడు సరిగ్గా మా ఇళ్ల వరస కింద రెండో మోటారు పెడతారట. పెట్టే ముందు, మొదటి దాని వల్ల జనానికి ఏమైనా ఇబ్బంది ఉందేమో కనుక్కోమని నన్ను పురమాయించారు.

పొద్దున్నే సౌర పలకల మీద పేరుకున్న ఉప్పంతా కొబ్బరిపీచుతో తుడిచేసరికి వేళ్లు పగిలి మండుతున్నాయి. ఒళ్లు అంతకంటే ఎక్కువ మండుతోంది.

నమోదు 2

మొదట నాంచారమ్మ దగ్గరికి వెళ్లాను. మా రెండు గదులకీ మధ్య ఒక్క రేకు గోడే. నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచి రోజూ నాకింత కూర పెట్టే మనిషి.

ఆమె పీతలు పడుతుంది. ఇంటి నేలలో ఒక చదరపు కంత ఉంటుంది. అందులోంచి తాళ్లకు బుట్టలు కట్టి నీళ్లలోకి వదులుతుంది. ప్రతి తాడుకీ పైన ఒక మువ్వ. పీత బుట్టలో దూరితే మువ్వ మోగుతుంది. వెంటనే లాగాలి, లేకపోతే ఒకదాని కాళ్లు ఒకటి విరుచుకుంటాయి, కాళ్లు లేని పీతని ఎవరూ కొనరు.

నేను వెళ్లేసరికి నాంచారమ్మ కంత దగ్గర కూర్చుని తాళ్ల వంక చూస్తోంది. కన్నార్పకుండా చూస్తోంది. ఒకప్పుడు ఆమె అటు వీపు పెట్టి కూర్చుని, నాతో కబుర్లాడుతూనే ఫలానా తాడని చెప్పి లాగేది.

రికార్డు పెట్టె ముందు పెట్టి అడిగాను, మోటారు మోతతో ఏమైనా ఇబ్బందా అని.

“నాకేవైద్దమ్మాయ్, శుబ్బరంగా ఉన్నా,” అంది. “పాపం మా పక్కింటాయనకే. మోపిదేవి లేడూ? చెవులు పోయినయ్యంట. మువ్వ మోగినా ఇనపడదంట. తాళ్ల వంక చూసి చూసి మెడ పట్టేసిందంట.”

ఆ మాట అంటూ మెడ నిమురుకుంది. ఆమె మాటలు పెట్టె మీద అక్షరాలై పడుతుంటాయి, ఈ మధ్య అవి చూసుకుంటూ ప్రశ్నలు అడగడమే నాకు అలవాటైంది. మెడ నిమురుకోవడం మాత్రం ఏ అక్షరాల్లోనూ పడలేదు.

వచ్చేస్తుంటే నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది. “ఎన్నిసార్లు పిలవాల నిన్ను? కూర గిన్నె మర్చిపోతన్నావు,” అని కసిరింది. ఆ మోటారు మోతలో ఎవరికి ఏం వినబడి చచ్చింది?

నమోదు 3

మోపిదేవి నాంచారమ్మకి అవతలి పక్క ఉంటాడు. వలలు బాగుచేస్తాడు. భార్య లేదు. మాట నెమ్మది.

“నాకేం లేదండీ,” అన్నాడు. “ఎవరన్నా అన్నారా? చెవుడొచ్చింది నాంచారమ్మక్కకి. నేను ఎన్నోసార్లు చూశాను. నిద్ర పట్టకపోవడమా? అదేమో మాకు ఆ పక్కింటాయనకి. రాత్రంతా నేల అదురుద్ది గదండీ, ఆ అదురుకి పళ్లు కూడా నొప్పంట ఆయనకి, పాపం.”

మోపిదేవికి ఆ పక్కింటాయన పళ్లు చక్కగా ఉన్నాయి. ఆయనకి మాత్రం ఆ పక్కావిడ గురించి దిగులు. ఇలా అరుగు చుట్టూ తిరిగి మళ్లీ నాంచారమ్మ గుమ్మంలో తేలాను. అందరికీ బాగుంది. అందరి పక్కింటివాళ్లకీ బాగాలేదు.

ఇది కొత్తగా వచ్చినవాళ్లకి వింతగా ఉంటుంది. ఇక్కడ ఉన్నవాళ్లకి ఇదే మాట్లాడే పద్ధతి. ఏడో అరుగు మీద ఎవరూ తమ కష్టం తమ నోటితో చెప్పుకోరు. పక్కింటివాళ్ల పేరు మీద చెబుతారు. విన్నవాళ్లు అది ఎవరిదో గ్రహించి, చెప్పినామెకే కాస్త గంజి కాచి తెస్తారు, “మీ పక్కింటామెకి ఇయ్యండి,” అని ఆమె చేతిలోనే పెడతారు. ఆమె తీసుకుని తాగుతుంది. ఎవరి పరువూ పోదు. నేను దీని గురించి పాత దినచర్యల్లో పేజీల కొద్దీ రాశాను. అవన్నీ పక్షపాతం కింద పోయాయి.

నమోదు 5

తాత్పర్యం నివేదిక వచ్చింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియక పలకలు ఇంకోసారి తుడిచాను.

ఆ యంత్రంలో అద్దాలుంటాయి. ఒక్కో అద్దం ఒక్కో దృక్పథం. మేం విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి చదివి, వాదించుకుని, కాఫీలు చల్లార్చుకున్న సంప్రదాయాలన్నీ అక్కడ మీటలయ్యాయి. ఏది కావాలంటే అది నొక్కుకోవచ్చు. నా రికార్డుల్ని అన్ని అద్దాల్లోంచీ చూశారట.

అనుభవ అద్దం ఏమందంటే, ఏడో అరుగువాసులకు మోత ఇతరుల అనుభవంగానే అనుభవమవుతోందట, స్వయంగా బాధపడినవారు ఒక్కరూ లేరట. సంకేతాల అద్దానికి పొరుగింటి జబ్బుల ప్రస్తావన కేవలం ఒక పలకరింపుగా కనబడింది, తిన్నారా అని అడగడం లాంటిదట. సంఘర్షణ అద్దం ఇంకాస్త తెలివైనది. ఒకరికొకరు రోగాలు అంటగట్టుకోవడం వెనక పీతల వ్యాపారంలో పోటీ ఉందని తేల్చి, ఇళ్ల మధ్య గోడల ఎత్తు పెంచమని సిఫారసు చేసింది. ప్రయోజనాల అద్దానికైతే బహుమతి ఇవ్వాలి. మోటారు మోత జనానికి మాట్లాడుకోవడానికి ఒక విషయం అందించి సామరస్యం పెంచుతోందట. రెండో మోటారుతో సామరస్యం ఇంకా పెరిగే అవకాశం ఉందట!

ఆఖరి పేరాలో అసలు సంగతి ఉంది. పొరుగువారి గురించి చెప్పినవన్నీ విన్న మాటలు కనుక లెక్కలోంచి తీసేశారు. మిగిలినది ‘బాగుంది’. అందరి నోటా బాగుంది. కనుక బహిరంగ విచారణ లాంఛనంగా జరిపి రెండో మోటారు దించవచ్చు.

అద్దాల తప్పు కాదు. వాటిలో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు ఎవరో మనుషుల మధ్య కూర్చుని, కిందామీదా పడి కనిపెట్టిన చూపు. చూడవలసినదాన్ని తలుపు బయటే ఆపేసి, అద్దాలు మార్చి మార్చి చూస్తే ఏం కనబడుతుంది?

నమోదు 6

మండలి డైరెక్టర్ హైమవతికి ఫోన్ చేశాను. హైమ, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నాకంటే బాగా చదివింది. అందుకే నాకు ఎక్కువ కోపం.

“విమోచనా, నువ్వు అసలు ఏ సంప్రదాయంలో నిలబడి మాట్లాడుతున్నావు?” అంది.

“ఏడో అరుగు మీద నిలబడి మాట్లాడుతున్నాను.”

“వెటకారం వద్దు. చెప్పినవాడి మాటే ప్రమాణం అని మనకి నేర్పారు. వాళ్లు బాగుందంటున్నారు. లేదు, వాళ్ల మనసులో వేరే ఉంది అని నువ్వంటున్నావు. జనం తరఫున జనం కంటే ఎక్కువ తెలుసనుకోవడం ఎంత అహంకారమో నువ్వే ఒకప్పుడు క్లాసులో ఉపన్యాసమిచ్చావు.”

ఆమె నా మాటల్నే ఏరి నా మీద విసిరింది.

“నేను వాళ్ల మనసులోకి దూరడం లేదు హైమా. వాళ్లు నోటితోనే చెప్పారు. పక్కింటామె అంటే ఎవరో ఇక్కడ పసిపిల్లకి కూడా తెలుసు. మీ యంత్రానికే తెలియదు.”

తర్వాత ఆమె ఏదో అంది. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అంది. ఏడో అరుగు మీద లైను ఎప్పుడూ ఇంతే, ముక్కలు ముక్కలుగా వస్తుంది. మూడోసారికి అర్థమైంది. ఒక్కరంటే ఒక్కరు ‘నాకు’ అని సొంత నోటితో విచారణలో చెబితే చాలట. స్వానుభవ వాంగ్మూలం ఉంటే వైద్య పరీక్ష చేయకుండా మోటారు దించకూడదని నియమం ఉందట.

“నియమాలు నేను గట్టిగా పాటిస్తాను, ఆ సంగతి నీకు తెలుసు,” అంది. అది నిజమే.

నమోదు 8

నాంచారమ్మని బతిమాలాను. బుట్టలు లాగుతోంది. పైకి వచ్చిన రెండు పీతలకీ కాళ్లు విరిగిపోయి ఉన్నాయి. వాటిని మా ఇద్దరి కూరకి పక్కన పడేసింది. ఈ మధ్య రోజూ ఇదే కూర.

“ఒక్క మాట పిన్నీ. ‘నాకు చెవుడొచ్చింది’ అను చాలు. మిగతాది నేను చూసుకుంటాను.”

ఆమె నా వైపు తిరిగి, నాకు బాగా తెలియాలన్నట్టు నోరు తెరిచి తెరిచి చెప్పింది.

“ఉప్పెనప్పుడు మమ్మల్ని శిబిరంలో పెట్టారు గదా. ఒకరోజు మండలివోళ్లొచ్చి, ఒంట్లో బాగోలేనోళ్లు చెయ్యెత్తండి, వైద్యం చేపిత్తాం అన్నారు. మా పక్కింటామె మొగుడికి దగ్గు. అమాయకుడు, ఎత్తాడు. ఎత్తినోళ్లందర్నీ తెల్ల పడవెక్కించారు. వారంలో పంపుతాం అన్నారు.” తాడు చుట్టి పక్కన పెట్టింది. “ఆ పక్కింటామె ఇంకా సూత్తానే ఉంది.”

నాంచారమ్మ గోడకి ఒక మగమనిషి చొక్కా వేలాడుతుంటుంది. ఆరేళ్లుగా దాన్ని ఉతికి మళ్లీ అక్కడే తగిలిస్తోంది. నేను ఆ చొక్కా వంక చూడకుండా లేచి వచ్చేశాను.

హైమకి ఈ విషయం చెబితే, “రోగుల్ని వేరుచేసే నియమం ఎప్పుడో రద్దయిందిగా!” అంది ఆశ్చర్యంగా. ఆ సంగతి ఎవరైనా ఇక్కడికి వచ్చి చెప్పారా అని అడిగాను. గెజిట్లో వేశామంది.

గెజిట్లో వేశారట! జనం నోళ్లకి తాళం వేసింది వీళ్లు. తాళం తీశామని కాగితంలో వేసుకున్నది వీళ్లు. ఇప్పుడు మీరేం మాట్లాడలేదు కనుక మీకేం బాధ లేదని మోటారు దించేది కూడా వీళ్లే. ఇది రాస్తుంటే కలం దిగి కాగితం చిరిగింది. పక్షపాతం కాబోలు.

సాయంత్రం తలుపు తీసి చూస్తే ఎండబెట్టిన చేపంతా తడిసి ముద్దయింది. అందరూ ఎప్పుడో లోపల పెట్టేసుకున్నారు, నాదొక్కటే బయట. రేకు మీద అంత వాన పడితే నాకు తెలియనే లేదు. ఈ మధ్య వానలు కూడా చప్పుడు చేయకుండా కురుస్తున్నాయి.

నమోదు 9

బహిరంగ విచారణ జరిగింది. పడవల రేవులో ఒక స్తంభానికి తాత్పర్యం పెట్టె బిగించారు. దాని కింద పలక మీద అక్షరాలు కనబడతాయి. పక్కన కుర్చీలో హైమ. మంచి నేత చీర కట్టుకుని వచ్చింది, నన్ను చూసి పలకరింపుగా నవ్వింది.

ఒక్కొక్కరినీ పిలిచారు. మోపిదేవి ఇస్త్రీ చొక్కాలో వచ్చి, తనకి బాగుందని, నాంచారమ్మక్కకే చెవుడని చెప్పాడు. పలక మీద ‘విన్న మాట, తొలగించబడింది’ అని పడింది. ఒకావిడ వాళ్ల పక్కింటి కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదని చెప్పి, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ‘విన్న మాట, తొలగించబడింది’. ఆమె చీర చెంగు తడిసిపోయింది, యంత్రం తర్వాతి పేరు పిలిచింది.

నాంచారమ్మ వంతు వచ్చింది. పలక వంక చూసింది, నా వంక చూసింది. “నాకేం లేదండీ,” అంది.

నేను లేచాను. ఆరు నెలలు దాటి అరుగు మీద ఉన్నవాళ్లెవరైనా వాసులే అని వాళ్ల నియమమే చెబుతోంది. నేనుంటున్నది అంతకంటే చాలా ఎక్కువ.

“నా పేరు విమోచన. నాకు చెవుడొచ్చింది,” అన్నాను. “నాకు. పక్కింటామెకి కాదు. ఈ మోటారు వల్ల నాకు వినబడటం లేదు.”

పలక మీద ‘స్వానుభవ వాంగ్మూలం, నమోదైంది’ అని పడింది. హైమ మొహంలో నవ్వు పోయింది. రేవులో ఉన్న జనమంతా నా వైపు తిరిగారు. తెల్ల పడవ ఇప్పుడే వచ్చి నన్ను ఎత్తుకుపోతుందన్నట్టు నాంచారమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

నమోదు 10

హైమ నుంచి సందేశం. ఫోన్ కాదు, రాతపూర్వకంగానే పంపింది.

‘శ్రోత తన మాటను జనం మాటలో కలపడం ప్రతి సంప్రదాయంలోనూ నేరమే. ఏ అద్దంలో చూసినా నేరమే. రేపు డాక్టరు వస్తాడు. అబద్ధమని తేలితే నీ ఉద్యోగం పోతుంది, మోటారు మర్నాడే దిగుతుంది. నువ్వు ఇలా చేస్తావనుకోలేదు.’

నాకూ బాధగానే ఉంది. అబద్ధం ఆడాను, అదీ రికార్డులో. అయినా అంతమంది నిజాల్ని చెత్తబుట్టలో వేసిన చోట నా ఒక్క అబద్ధానికి అంత మర్యాద దొరికిందే, ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండిపోతోంది.

పరీక్షలో ఏం చేయాలో నిర్ణయించుకున్నాను. చప్పుడు వినబడినప్పుడు వేలెత్తమంటారు. నేను ఎత్తను. చెక్కబొమ్మలా కూర్చుంటాను.

నమోదు 11

డాక్టరు తెల్ల పడవలోనే వచ్చాడు. మండలికి ఇంకో రంగు దొరకలేదు కాబోలు. అది కనబడగానే అరుగంతా తలుపులు మూసుకున్నారు. రేవులో నేనొక్కదాన్నే మిగిలాను.

చిన్నవాడే, పేరు అనిరుధ్, నెమ్మదస్తుడు. కుర్చీ వేయించి నా చెవులకి తొడుగులు పెట్టాడు. చప్పుడు వినబడినప్పుడల్లా వేలెత్తమన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని సిద్ధంగా కూర్చున్నాను, ఏ చప్పుడుకీ లొంగకూడదని.

అతను మీటలు సర్దుకుంటున్నాడు. ఎదురుచూస్తున్నాను. ఇంకా సర్దుకుంటున్నాడు. ఇంతసేపు ఏం సర్దుతాడో అనుకున్నాను. చివర్లో రెండు మూడు సన్నటి చప్పుళ్లు వచ్చాయి, వేలు కదలకుండా పిడికిలి బిగించాను. అతను తొడుగులు తీసేశాడు.

“మొదలుపెట్టండి,” అన్నాను.

“అయిపోయింది మేడం.”

తర్వాత చెవిలో చిన్న గొట్టం పెట్టి, నుదుటికి తీగలు అంటించాడు. డైరెక్టర్ గారు ప్రత్యేకంగా చేయమన్నారట. “ఇది మిమ్మల్ని అడగదు మేడం, మీ చెవినే అడుగుద్ది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేరు,” అన్నాడు. అదయ్యాక కాగితం నా చేతికిచ్చాడు. రెండు చెవులూ సగానికి పైగా పోయాయి. సన్నటి చప్పుళ్లు అసలే అందవు. మువ్వ, వాన, రేకు గోడకి అవతలి నుంచి పిలుపు, అలాంటివి.

“ఎన్నాళ్లుగా మేడం?” అని అడిగాడు. నా మొహానికి దగ్గరగా వంగి, గట్టిగా అడిగాడు. నాంచారమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడేది ఇలాగే.

ఈ దినచర్య అతనికి ఇచ్చి చదువుకోమనాలనిపించింది. ఎన్ని పేజీలు రాశాను! మువ్వ వినబడనిది నాంచారమ్మకి. నిద్ర లేనిది మోపిదేవికి. లైను బాగాలేదు, మోటారు మోత, వాన చప్పుడు చేయదు. ఒక్కచోట కూడా నాకు అని రాయలేదు. వాళ్ల పద్ధతి మీద పేజీలకు పేజీలు వ్యాఖ్యానం రాసిన నేను, వాళ్లకంటే ఎక్కువ శ్రద్ధగా ఆ పద్ధతే పాటించాను. పైగా విచారణలో నిజం చెబుతూ అబద్ధం ఆడుతున్నాననుకున్నాను. నాకు గట్టిగా ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

కాగితం మీద సంతకం పెట్టి, రెండో మోటారు దించకుండా ఆపే ఉత్తర్వు కోసం పంపిస్తున్నానని డాక్టరు చెప్పాడు. ఒక్క మనిషి పరీక్ష కనుక కొద్దిరోజులు మాత్రమే ఆగుతుందట. ఇంకెవరైనా ఉంటే బాగుండేదన్నాడు. మూసిన తలుపుల వంక చూశాడు. నేనూ చూశాను.

నాంచారమ్మ తలుపు తెరుచుకుంది.

తలమీద కొంగు కప్పుకుని, తెల్ల పడవ వైపు కన్నెత్తకుండా, నేల వంక చూసుకుంటూ నడిచి వచ్చింది. వచ్చి నా పక్కన నిలబడింది.

“అబ్బాయ్, ఈవిడకి చూశావు గదా. ఈవిడ పక్కింటామెకి కూడా చెవుడంట. చాన్నాళ్లయిందంట పాపం. ఆమెకి కూడా చూడు.”

“ఎవరండీ ఆవిడ? ఎక్కడున్నారు? పిలిపించండి,” అన్నాడు డాక్టరు.

నేను కుర్చీలోంచి లేచాను. నాంచారమ్మ అందులో కూర్చుని, కమ్మలు రెండూ తీసి కొంగున ముడేసుకుంది. ఆమె వెనక తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. అందరికంటే ముందు మోపిదేవి వచ్చి నిలబడ్డాడు.

“ఈవిడ అయ్యాక,” అన్నాడు డాక్టరుతో, “ఈవిడ పక్కింటాయనకి చూడాలండి.”